టీవీ కట్టేస్తే సరిపోతుందా?

హైటెక్ సిటీ అద్దాల మేడలకు చేరువలోనే బోరబండ, హఫీజ్‌పేట బస్తీలున్నాయి. అక్కడ మన కుటుంబాలు అనేకం. తండ్రి రాత్రంతా ఐటీ ఉద్యోగులను క్యాబ్‌లో చేరవేస్తాడు. తల్లి పగలంతా ఆఫీసుల్లో పారిశుద్ధ్య పని చేస్తుంది. ఇంట్లో పిల్లలకు తోడు టీవీ, చేతిలో చిప్స్ పొట్లం. గచ్చిబౌలి అపార్టుమెంట్లలోని మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లోనూ పరిస్థితి ఇదే. టీవీకి బదులు ట్యాబ్, చిప్స్‌కు బదులు పిజ్జా.

ఆంక్ష అవసరమేనని మేము భావిస్తున్నాం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. అయితే దస్తర్‌ఖాన్ వద్ద ఫోన్ చూసుకుంటూ బిడ్డను మందలిస్తే ఆ మాటకు విలువ ఉండదు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఇంట్లో ఉన్నవారందరం తెరలు ఆపుదాం. ఆ సమయాన్ని చదువుకు, ముచ్చట్లకు, కలిసి భోంచేయడానికి కేటాయిద్దాం.

కానీ ఇంటి కట్టుబాటు ఒక్కటే చాలదు. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. వాటి అమలును కోరడం తల్లిదండ్రుల హక్కు. బస్తీకో ఆటస్థలం అడగడమూ మన హక్కే. ఆడుకునే చోటు లేని పిల్లవాడికి టీవీ కట్టేస్తే మిగిలేది నాలుగు గోడలే.