పిల్లల డాక్టరు తర్వాత ఎవరు?

మూడేళ్ల వయసులో పాపకు గుండెలో రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్ చేయించారు. పాప కోలుకుంది, చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆపరేషన్ సంగతి అవతలివాళ్లకు చెప్పాలా వద్దా అని ఇంట్లో రోజూ తర్జనభర్జన. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఆ గుండెను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? పిల్లల డాక్టరు చివరిసారి చూసింది పదో తరగతిలో. పెద్దల డాక్టరు దగ్గరికి ఇంతవరకూ వెళ్లనే లేదు.

ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలానే ఉంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది 2007లో. ఆ తొలినాళ్లలో గుండె ఆపరేషన్ చేయించుకున్న పసివాళ్లు ఇప్పుడు యువతీయువకులు. టైప్-1 మధుమేహం, తలసీమియా, సికిల్‌సెల్, మూర్ఛ వంటి సమస్యలున్న పిల్లలూ అంతే. మంచి వైద్యం అంది పెద్దవాళ్లవుతున్నారు. వాళ్లతో పాటు జబ్బూ వస్తోంది. డాక్టరు మాత్రం మధ్యలో ఆగిపోతున్నాడు.

అమెరికా ఏం చేసింది?

ఈ చిక్కుకు అమెరికాలో దొరికిన జవాబుల్లో ఒకటి ‘మెడ్-పీడ్స్’ రెసిడెన్సీ. పెద్దల వైద్యాన్ని, పిల్లల వైద్యాన్ని కలిపి నేర్పే ఈ శిక్షణకు 1967లో ఆమోదం దొరికింది. అక్కడ ఇంటర్నల్ మెడిసిన్‌కు మూడేళ్లు, పీడియాట్రిక్స్‌కు మూడేళ్లు పడుతుంది. మెడ్-పీడ్స్‌లో రెంటికీ కలిపి నాలుగేళ్లు. రెండేళ్లు పెద్దలకు, రెండేళ్లు పిల్లలకు. సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారుతుంటారు. చివర్లో రెండు బోర్డు పరీక్షలూ రాయొచ్చు.

ఇది ఫ్యామిలీ మెడిసిన్ కాదు. ఫ్యామిలీ డాక్టరు కూడా అన్ని వయసుల వారినీ చూస్తారు. వారి శిక్షణలో గర్భిణుల సంరక్షణ, చిన్నపాటి శస్త్రచికిత్సలూ ఉంటాయి. మెడ్-పీడ్స్‌లో ఇవి ప్రధానం కాదు. వార్డులు, ఐసీయూల్లోని క్లిష్టమైన జబ్బుల మీదే ఎక్కువ సమయం గడుపుతారు.

దీని అవసరం ఎక్కడంటే, పిల్లల డాక్టరుకు పుట్టుకతో వచ్చిన గుండె లోపం బాగా తెలుసు. కానీ పెద్దయ్యాక వచ్చే బీపీ, కొలెస్ట్రాల్, గర్భధారణ ఆయన రోజూ చూసేవి కావు. పెద్దల డాక్టరుకు అవన్నీ కొట్టినపిండి. పుట్టుకతో వచ్చిన లోపాలు మాత్రం ఆయన దగ్గరికి అరుదుగా వస్తాయి. అమెరికాలో పుట్టుకతో గుండె లోపం ఉన్నవారిలో ఇప్పుడు పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ. అందుకే వారి కోసం 2015 నుంచి ప్రత్యేక సూపర్ స్పెషాలిటీ పరీక్ష కూడా పెట్టారు.

అలాగని అక్కడ సమస్య తీరిపోలేదు. మెడ్-పీడ్స్ శిక్షణ ఇచ్చే చోట్లు దాదాపు 80. సీట్లు తక్కువ. మరోవైపు పెద్దల వైద్యంతో పోలిస్తే పిల్లల వైద్యంలో ఆదాయం తక్కువ. 2024 మార్చి మ్యాచ్ తొలి విడతలో పీడియాట్రిక్స్‌లో 250 దాకా సీట్లు ఖాళీగా మిగిలాయి. అందుకే కొత్త డాక్టర్లను తయారుచేయడంతో పాటు, రోగిని ఒక విభాగం నుంచి మరో విభాగానికి పద్ధతిగా అప్పగించడం మీదా అక్కడి ఆసుపత్రులు దృష్టి పెడుతున్నాయి.

మన దగ్గర గీత ఇంకా ముందే

మన దేశంలో జనరల్ మెడిసిన్ ఎండీ వేరు, పీడియాట్రిక్స్ ఎండీ వేరు. ఒక్కోటి మూడేళ్లు. రెంటినీ కలిపిన ఎండీ లేదు. పైగా చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల విభాగం 12 ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది. 18 ఏళ్ల వరకూ చూడాలన్నది ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట. అంటే ఇన్సులిన్ ఎగ్గొట్టడం, మాత్రలు దాచేయడం మొదలయ్యే వయసులోనే మన పిల్లలకు తెలిసిన డాక్టరు దూరమవుతున్నారు.

కొత్త కోర్సు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా చేయగలిగింది ఉంది. మన బోధనాసుపత్రుల్లో రెండు విభాగాలూ చాలావరకు ఒకే ఆవరణలో ఉంటాయి. నెలకో రోజు ఇద్దరు డాక్టర్లూ కలిసి కూర్చుని ఈ పిల్లల్ని చూస్తే కొత్త భవనం అక్కర్లేదు, కొత్త డిగ్రీ అక్కర్లేదు. జనరల్ మెడిసిన్ పీజీలు ఆ ఓపీలో కూర్చుంటే వాళ్లకూ పాఠమే.

ఇంట్లో ఏం చేయాలి?

• పన్నెండేళ్లు దాటాక డాక్టరు అడిగినదానికి పిల్లల్నే జవాబు చెప్పనివ్వండి. తమ జబ్బు పేరు, మందు పేరు, మోతాదు వాళ్లకు తెలియాలి.

• పదిహేను, పదహారేళ్లకే ‘తర్వాత ఎవరికి చూపించాలి’ అని పిల్లల డాక్టరును అడగండి. జబ్బు, చేసిన ఆపరేషన్, తేదీ, వాడిన మందులు, పడని మందులు, టీకాల వివరాలతో ఒక లేఖ రాయించుకోండి.

• పాత డిశ్చార్జి కాగితాలు, ఎకో రిపోర్టులు పారేయకండి. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

• కొత్త డాక్టరును ఒకసారి కలిసేదాకా పాత డాక్టరును వదలకండి. బాగానే ఉన్నారు కదా అని మందులు ఆపకండి.

• మూర్ఛ మందులు వాడే ఆడపిల్లలకు పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడించండి. వాల్‌ప్రోయేట్ లాంటివి గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. అలాగని సొంతంగా ఆపితే ఫిట్స్ మళ్లీ రావొచ్చు.

మొదట చెప్పిన అమ్మాయి విషయానికొస్తే, సంబంధం కుదరకముందే ఒకసారి కార్డియాలజిస్టుకు చూపించి ఎకో తీయించాలి. చిన్న రంధ్రాన్ని సకాలంలో పూడ్చిన వారిలో చాలామందికి గర్భం, కాన్పు మామూలుగానే జరిగిపోతాయి. ఆ మాట డాక్టరు నోటి నుంచి వింటే అవతలివాళ్లతో మాట్లాడటానికీ ధైర్యం వస్తుంది. పెళ్లివారికి ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. కాన్పు చేసే డాక్టరుకు మాత్రం ఆ మచ్చ సంగతి తప్పకుండా చెప్పాలి.