పాత పెద్దకారు కొంటున్నారా?

అడిక్‌మెట్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. పేరు వద్దంది కాబట్టి రాయటం లేదు. వాళ్లాయనకి మాదాపూర్ వైపు ఉద్యోగం. పోనూ రానూ రోజుకి నలభై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఇన్నాళ్లూ చిన్నకారుతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు తెలిసినవాళ్లెవరో పదకొండేళ్ల నాటి జర్మన్ సెడాన్ ఒకటి పదిన్నర లక్షలకి ఇస్తామన్నారట. కొత్తలో అది నలభై లక్షల కారు. ఆయనగారు మనసు పారేసుకుని, పాతికవేలు బయానా కూడా ఇచ్చొచ్చారు. మరి మిగతా డబ్బు ఎక్కడిదీ అంటే, ఈవిడ ఇంటిఖర్చులో మిగిల్చి అయిదేళ్లుగా కడుతున్న చిట్టీ. ఈ నెల్లో పది లక్షలు చేతికొస్తాయి. అమ్మాయి వచ్చే ఏడాది ఇంజనీరింగులో చేరాలి. "అది దాని చదువుకోసం దాచిన డబ్బండీ. వద్దంటే ఇంట్లో గొడవ, సరేనంటే నాకు నిద్రపట్టదు. కార్ల గురించి నాకేం తెలుసని మాట్లాడను?" అని అడిగింది.

తెలియకపోవటం ఏమిటమ్మా! నెలకి బియ్యం ఎంత, గ్యాసు ఎన్నాళ్లొస్తుంది, పాత ఫ్రిజ్ రిపేరుకి పెట్టే డబ్బుకి కొత్తది వస్తుందా రాదా అని లెక్కకట్టేది ఎవరు? పాత కారు కొనటంలో ముప్పావువంతు ఆ లెక్కే. మిగతా పావువంతు మెకానిక్కు చూసుకుంటాడు.

అసలు సంగతి ఇది. నలభై లక్షల కారు పదిన్నర లక్షలకి దిగొస్తుంది గానీ, దాని విడిభాగాల ధర దిగిరాదు. ఎదురుగా పగిలిన లైటు మార్చాలన్నా, గేర్‌బాక్స్ విప్పాలన్నా, అడిగేది నలభై లక్షల కారు రేటే. కారుకి వయసు పెరిగినకొద్దీ ఆ భాగాలు మార్చాల్సిన అవసరమూ పెరుగుతుంది. మొదటి ఓనరు నాలుగైదేళ్లు తిరిగి వారంటీ అయిపోగానే ఎందుకు అమ్మేస్తాడనుకున్నారు? ఖర్చులు మొదలయ్యేది అప్పుడే కాబట్టి. కొనేటప్పుడు వేలల్లో బేరమాడి సంబరపడి, తర్వాత సర్వీసింగు దగ్గర చెయ్యి బిగించటం ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

ఒకప్పుడు ఈ బాధ మధ్యతరగతికి లేదు. 1995లో పుణెలో బెంజి కార్ల తయారీ మొదలైంది. 2007లో చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ వచ్చింది. అప్పట్నుంచీ అమ్ముడైన కార్లన్నీ ఇప్పుడు రెండోచేతికీ మూడోచేతికీ వస్తున్నాయి. చిన్నకారు డబ్బుకి పెద్దకారు దొరుకుతుంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? ఆ ఆశని నేను తప్పుపట్టను. మెత్తగా పోతుంది, చప్పుడుండదు, బ్రేకు వేస్తే నిలుస్తుంది, గుద్దుకుంటే ప్రాణం కాపాడే సదుపాయాలు ఎక్కువ. రోజూ రెండు గంటలు ట్రాఫిక్కులో కూర్చునే మనిషి నడుముకి అదీ అవసరమే.

ఇక కారు చూడ్డానికి ఆయన్ని ఒక్కర్నే పంపకండి, మీరూ వెళ్లండి. మీ ముక్కు మెకానిక్కు ముక్కు కన్నా మంచిది. తలుపు తీయగానే ముక్కుపొడుం డబ్బాలా ఘాటుగా సెంటువాసన కొట్టిందంటే ఏదో దాస్తున్నారన్నమాట. అద్దాలన్నీ మూయించి పది నిమిషాలు లోపల కూర్చోండి. వర్షాకాలంలో ఆరని బట్టల ముక్కవాసన వస్తోందా? కాళ్ల కింద కార్పెట్ అంచు ఎత్తి, లోపలి దూది పట్టుకు చూడండి. సీటుబెల్టు చివరిదాకా లాగండి. బురదచార ఉంటే ఆ చివరే ఉంటుంది. సీట్ల కింద పట్టాల సందుల్లో ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. 2020 అక్టోబరు వానల్లో మనకి దగ్గరున్న హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో నీళ్లు ఎలా నిలిచాయో మర్చిపోలేదు కదా. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు కార్లు లెక్కలేనన్ని మునిగాయి. మునిగిన కార్లు తుడుచుకుని, పాలిష్ వేయించుకుని వేరే ఊళ్లలో బేరానికొస్తాయి. వైర్లలోకి వెళ్లిన తడి మాత్రం ఎన్నేళ్లయినా వదలదు.

ఇంకోటి. "చాలా తక్కువ తిరిగిందండీ" అనే మాటకి పడిపోకండి. ఉస్మానియా యూనివర్సిటీని స్థాపించిన నిజాంగారి కుటుంబానిది పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఒకటి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. 1912 నాటిది, ఊరేగింపులకే తప్ప పెద్దగా తిరగలేదు. అంతమాత్రాన దాంట్లో రోజూ ఆఫీసుకి వెళ్తామా! రబ్బరుకి మీటరుతో పనిలేదు. కారు షెడ్డులో ఉన్నా గొట్టాలు, సీళ్లు, టైర్లు గట్టిపడి పగుళ్లిస్తూనే ఉంటాయి. కుక్కర్ గ్యాస్కెట్ వాడకుండా ఏడాది పెట్టెలో పెట్టి చూడండి, అదే. టైరు వయసు టైరు మీదే రాసి ఉంటుంది. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. అయిదారేళ్లు దాటితే నాలుగు టైర్ల డబ్బూ బేరంలో తగ్గించమనండి. ఈ రకం కార్లు కొన్నిట్లో గాలిపోయినా కొంతదూరం నడిచే టైర్లుంటాయి, డిక్కీలో స్టెప్నీయే ఉండదు. ఆ టైర్ల ధర షాపులో ముందే కనుక్కోండి.

ట్రయల్‌కి పొద్దున్నే వెళ్లండి, మీరొచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్ట్ చేయగానే నీలంరంగు పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. ఆయిల్ మూత కింద మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే కూలెంట్ కలుస్తోందేమో మెకానిక్కుని అడిగి తీరాలి. ఆ తర్వాత మన అడిక్‌మెట్ బ్రిడ్జి ఎక్కించండి. ఎత్తు మీద ఆటోమేటిక్ గేరు కుదుపు లేకుండా పడాలి. క్యాంపస్ గేట్లు తెరిచున్న వేళైతే అటు పోనిచ్చి, స్పీడుబ్రేకర్ల మీద రేడియో ఆపేసి వినండి. టకటక చప్పుడు, పీట అరిగినట్టు కిర్రుమనటం ఉండకూడదు, కింద రాసుకోనూ కూడదు. చివరికి తార్నాక చౌరస్తాలో ఎండలో, ఏసీ వేసి, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగుతూ ఒక అరగంట. వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదలకూడదు. ఇదంతా అయ్యాక, అమ్మేవాళ్లు చెప్పిన షెడ్డుకి కాదు, మీరు ఎంచుకున్న షెడ్డుకి తీసుకెళ్లి స్కానర్ పెట్టించండి. లోపాల చిట్టా ముందురోజు చెరిపేసి అమ్మేవాళ్లుంటారు. ముప్పై కిలోమీటర్లు తిరిగాక పెడితే దాచిన లోపాలు చాలావరకు మళ్లీ బయటపడతాయి.

ఇప్పుడు లెక్క. రోజుకి నలభై చొప్పున 24 రోజులకి 960 కిలోమీటర్లు. పెద్ద పెట్రోలు కారు సిటీలో లీటరుకి ఎనిమిది ఇస్తుందనుకుంటే 120 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే నెలకి 12,840. పదిహేనిచ్చే చిన్నకారుకైతే 64 లీటర్లు, 6,848. తేడా నెలకి ఆరువేలు, ఏడాదికి 72 వేలు. ఇది కారు ఒక్క రోజు కూడా చెడిపోకుండా నడిస్తే! ఇంజను ఆయిల్ చిన్నకారుకి మూడు, మూడున్నర లీటర్లయితే దీనికి ఆరేడు లీటర్లు, అదీ సింథటిక్. టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు అన్నీ పెద్దవే. ఇన్సూరెన్స్ సరేసరి.

అందుకని నా పద్ధతి చెప్తాను. కారు ధరలో కనీసం అయిదోవంతు, కొన్న రోజే పక్కన పెట్టగలిగితేనే కొనాలి. పదిన్నర లక్షల కారుకి రెండు లక్షల పైచిలుకు. అది బ్యాంకులో ఉండాలి, మాటల్లో కాదు. అడిక్‌మెట్ సోదరి దగ్గర చిట్టీ మొత్తం పోగా ఆ రెండు లక్షలు ఎక్కడున్నాయి? గాజుల్లో ఉన్నాయి. కాబట్టి అమ్మా, ఈ కారు వద్దు. పాతికవేల బయానా పోతే పోనివ్వండి, అడిగి చూడండి, సగమైనా రావచ్చు. ఆయనతో "మీకు కారెందుకు?" అనకండి, మగవాళ్లకి అది పౌరుషం సమస్య. కాగితం మీద ఈ లెక్క వేసి, టీ పక్కన పెట్టండి. అమ్మాయి ఫీజు మొదట తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో కారు ధర, అయిదోవంతు రెండూ ఇమిడితే అప్పుడు చూడండి. కాస్త పెద్దకారే కావాలంటే నా ఓటు 2020లో ఇక్కడ అమ్మటం ఆపేసిన కరోలా ఆల్టిస్ లాంటి జపాన్ కార్లకి. బ్యాడ్జీ చూసి ఎవరూ లేచి నిలబడరు గానీ, షెడ్డువాడు మిమ్మల్ని గుర్తుపట్టేంత తరచుగా వెళ్లాల్సిన పని ఉండదు.

అయినా పెద్దకారే కొన్నారనుకోండి. విడిభాగం తెప్పించటానికి వారం పట్టటం ఈ కార్లకి మామూలు. ఆ వారం ఆఫీసుకి దారి ముందే అనుకోవాలి. మనవాళ్లు ఆ విషయంలో అదృష్టవంతులు. జామై ఉస్మానియా స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ స్టేషనుకి వెళ్తుంది. తార్నాకలో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు, 2019 నుంచీ ఆ లైను ఉంది. వారానికి రెండురోజులు ఎలాగూ రైల్లో వెళ్తే పెట్రోలు కలిసొస్తుంది. కారుని మాత్రం వారాలకి వారాలు నిలబెట్టకండి, బ్యాటరీ పడుకుంటుంది. వాటిలో కొన్నిట్లో కొత్త బ్యాటరీ వేసినా స్కానర్‌తో కారుకి "పరిచయం" చెయ్యాలి, వీధిచివరి షాపులో మార్పిస్తే సరిపోదు.

డీజిల్ కారు చవగ్గా వస్తోందంటే ఒక్కమాట. పొగలో మసిని పట్టే ఫిల్టరున్న డీజిల్ కార్లు అప్పుడప్పుడు ఖాళీరోడ్డు మీద వేగంగా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. పిల్లని తార్నాకలో దించటం, కూరగాయలకి విద్యానగర్ వెళ్లటం, ఇలా అన్నీ చిన్న ట్రిప్పులే అయితే ఫిల్టరు పూడుకుపోతుంది. ఇక పెట్రోలు కార్లకి, మూత లోపలి స్టిక్కరు చదవండి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా కార్లు ఈ-20 పెట్రోలుకి, అంటే ఇరవైశాతం ఇథనాల్ కలిపినదానికి, తయారైనవి కావు. ఇంధన గొట్టాలు, సీళ్లు ఏడాదికోసారి చూపించండి.

రేడియేటర్లో బోరునీళ్లు పొయ్యనివ్వకండి. గీజరు రాడ్డుకి మన బోరునీళ్లు ఎలా తెల్లగా గట్టిపొర కడతాయో లోపలా అంతే. కంపెనీ చెప్పిన కూలెంటే వాడాలి. సన్‌రూఫ్ ఉంటే దాని నాలుగు మూలల్లో నీళ్లు దిగే సన్నని గొట్టాలుంటాయి. చెట్ల కింద పెట్టే కార్లకి వేపాకులతో అవి మూసుకుపోయి, వాననీళ్లు లోపలి కార్పెట్‌లోకి దిగుతాయి. ఆ కార్పెట్ కిందే కారు మెదడుంటుంది చాలావాటిలో! వానాకాలానికి ముందు ఒకసారి శుభ్రం చేయించండి. ఎలుకల సంగతి మీకు చెప్పాలా? పాత ఇళ్ల సందుల్లో అవి బానెట్‌లో కాపురం పెడతాయి. ఒక వైరు కొరికితే వెతకటానికే రోజు పడుతుంది. కారు దగ్గర చెత్తబుట్ట, పిల్లలు సీట్లో పారేసిన బిస్కట్‌ముక్కలు లేకుండా చూడటమే సగం మందు.

ఇక కాగితాలు. ఫారం 29, 30 మీద సంతకాలు కాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. అప్పు మీద కొన్న కారైతే ఫైనాన్సు వాళ్ల ఫారం 35 కూడా కావాలి. చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో పోలీసుల సైటులో నంబరు కొట్టి చూడమని పిల్లలకి చెప్పండి. వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్సు లెక్కలోకి తీసుకోండి. ఢిల్లీలో 2015 నుంచీ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు మొదలయ్యాయి, చవగ్గా దక్షిణానికి వచ్చిన వాటిలో అవీ ఉన్నాయి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరుకి మార్పించుకోవాలి. పాత ఓనరు నో-క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయన సొత్తు. ఆర్‌సీలో పేరు మారేదాకా ప్రమాదమైతే చిక్కు ఎవరికన్నది 2018లో సుప్రీంకోర్టు తేల్చింది: రిజిస్టరులో పేరున్నవాళ్లదే బాధ్యత. మీరు పాత చిన్నకారు అమ్మేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

చిట్టీ డబ్బు మీది కాబట్టి ఆర్‌సీ మీ పేరుమీదే పెట్టమనండి, న్యాయమే. అయితే ఒక మెలిక ఉంది. ఇన్సూరెన్సులో ఓనర్-డ్రైవరుకి ఉండే 15 లక్షల ప్రమాద బీమా, ఓనరుకి డ్రైవింగ్ లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. నడిపేది ఆయన, పేరు మీది, లైసెన్సు ఇద్దరిలో ఓనరుకి లేదు అంటే ఆ బీమా ఎవరికీ పనికిరాదు. ఆయనకి విడిగా ప్రమాద బీమా తీసుకోండి, మీరు లెర్నర్ లైసెన్సుకి అప్లై చేయండి. అది చేతికొచ్చిన 30 రోజులకి టెస్టుకి వెళ్లొచ్చు, ఆరునెలలు చెల్లుతుంది. నేర్చుకోవటానికి మాత్రం పెద్దకారు తియ్యకండి, డ్రైవింగ్ స్కూలువాళ్ల గీతలుపడ్డ చిన్నకారే మేలు.