సొమ్ము మీది... సరుకు ఎవరిదో!

టెక్సస్‌లో ఓ చిన్న పట్టణం. అక్కడో మధ్యతరగతి ఉద్యోగి. పేరు జాన్ అనుకుందాం. ఇంట్లో రక్షణకు ఓ పిస్తోలు ఉంటే మంచిదని ఎప్పట్నుంచో అతని ఆలోచన. ఓ రాత్రి ఇంటర్నెట్‌లో ప్రకటన కంటబడింది. కొత్తది కొంటే 700 డాలర్లయ్యే పిస్తోలు. సెకండ్‌హ్యాండే అయినా కొత్తదానిలా మెరిసిపోతోంది. 500కే ఇస్తానంటున్నాడు అమ్మేవాడు. ఫోన్లో బేరం కుదిరింది. మర్నాడు సాయంత్రం ఓ సూపర్‌మార్కెట్ ముందు పార్కింగ్ స్థలంలో ఇద్దరూ కలిశారు. ఇతను నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అతను పెట్టె చేతికిచ్చాడు. అయిదు నిమిషాల్లో పనైపోయింది. రసీదు లేదు. అమ్మినవాడి ఇంటిపేరు కూడా తెలీదు.

ఎనిమిది నెలలు గడిచాయి. డబ్బు అవసరమొచ్చి జాన్ ఆ పిస్తోలును తాకట్టు దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు దానిమీదున్న సీరియల్ నంబరు రాసుకున్నాడు. కొద్దిరోజులకే పోలీసులు ఇంటి తలుపు తట్టారు. ఆ పిస్తోలు ఏడాది కిందట ఎవరి కారులోంచో పోయిందట! జాన్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎలా కొన్నదీ చెప్పుకొన్నాడు. పోలీసులు అంతా విని, రాసుకుని, పిస్తోలును స్వాధీనం చేసుకున్నారు.

'మరి నా 500 డాలర్లు?' అనడిగాడు జాన్.

'అది మీకూ, మీకు అమ్మినవాడికీ మధ్య సంగతి' అన్నారు వాళ్లు.

జాన్ కల్పిత పాత్రే. అతని కష్టం మాత్రం కల్పన కాదు. తుపాకుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ లెక్క ప్రకారం, 2017 నుంచి 2021 దాకా అయిదేళ్లలో ఆ దేశంలో మామూలు పౌరుల దగ్గర్నుంచి చోరీ అయిన తుపాకులు 10 లక్షల పైమాటే. అవన్నీ దొంగల దగ్గరే ఉండిపోవు కదా! చేతులు మారతాయి. కొన్ని ఏ పాపమూ ఎరగని కొనుగోలుదారుల ఇళ్లకు చేరతాయి.

తనిఖీ మనిషికే!

'అమెరికాలో తుపాకీ కొనాలంటే ప్రభుత్వ తనిఖీ ఉంటుందిగా? దొంగ సరుకైతే అక్కడే దొరికిపోవాలి కదా?' అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. తనిఖీ ఉన్నమాట నిజమే. 1993లో చేసిన బ్రేడీ చట్టం ప్రకారం 1998 నవంబరు 30 నుంచి 'నిక్స్' అనే విధానం నడుస్తోంది. లైసెన్సున్న దుకాణంలో తుపాకీ కొనేవారు 4473 నంబరు ఫారం నింపాలి. కొనేవారికి నేరచరిత్ర ఉందా, కోర్టు నిషేధాలేమైనా ఉన్నాయా అన్నది దుకాణదారు ఎఫ్‌బీఐ ద్వారా గానీ, రాష్ట్ర అధికారుల ద్వారా గానీ కనుక్కుంటాడు.

కానీ ఆ తనిఖీ అంతా కొనే మనిషి గురించే. కొంటున్న తుపాకీ ఎక్కడిది, ఎవరిది అన్నది అందులో భాగం కాదు!

ఇంటర్నెట్‌లో కొన్నా అంతే. అమ్మేవారిది వేరే రాష్ట్రమైతే తుపాకీని నేరుగా ఇంటికి పంపకూడదు. కొనేవారి రాష్ట్రంలోని లైసెన్సు వ్యాపారికి పంపాలి. ఆయన తనిఖీ పూర్తిచేసి అప్పగిస్తాడు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రమై, అమ్మేవారు వ్యాపారి కాకపోతే ఆపాటి తనిఖీ కూడా ఉండాలని దేశవ్యాప్త చట్టం అడగదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా నిబంధన పెట్టుకున్నాయి. టెక్సస్‌లో లేదు. జాన్ బేరం పార్కింగ్ స్థలంలో తేలిపోయింది అందుకే.

పోయిన తుపాకుల జాబితా లేదా అంటే, ఉంది. 1967లో ఎఫ్‌బీఐ ప్రారంభించిన ఎన్‌సీఐసీ అనే నేర సమాచార కేంద్రంలో చోరీ అయిన తుపాకుల నంబర్లుంటాయి. పోలీసులు క్షణాల్లో చూడగలరు. మామూలు పౌరుడు చూడలేడు. లైసెన్సు వ్యాపారులు తమ దగ్గరికి అమ్మకానికొచ్చిన తుపాకీని ఇష్టమైతే ఆ జాబితాతో సరిచూసుకునేందుకు 2022లో వచ్చిన చట్టం దారి తెరిచింది. ఫ్లోరిడాలో పోలీసు శాఖ తన వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూసుకునే వీలు జనానికీ కల్పించింది. అదీ ఆ రాష్ట్రంలో ఫిర్యాదులొచ్చిన వాటి వరకే.

అసలు చిక్కు మరోటుంది. జాబితాలో లేనంత మాత్రాన సరుకు మంచిదని కాదు. తుపాకీ పోయిన సంగతి యజమానికి ఇంకా తెలియకపోవచ్చు. తెలిసినా నంబరు రాసిపెట్టుకుని ఉండకపోవచ్చు. ఇంట్లో తుపాకీ పోతే పౌరులు ఫిర్యాదు చేసితీరాలన్న దేశవ్యాప్త చట్టమూ అక్కడ లేదు.

దొంగకు లేని హక్కు...

డబ్బు పోసి కొన్న వస్తువు తనది కాకుండా ఎలా పోతుంది? జాన్ బాధ అదే. చట్టం జవాబు ఒక్క ముక్కలో చెబుతుంది... తనది కానిదాన్ని ఎవరూ మరొకరికి ఇవ్వలేరు. దొంగకు ఆ తుపాకీ మీద హక్కు లేదు. కాబట్టి దొంగ దగ్గర కొన్నవాడికీ లేదు. ఆ తర్వాత పది చేతులు మారినా, పదిమందీ నిజాయతీగా పూర్తి ధర చెల్లించినా అంతే. వస్తువు అసలు యజమానిదే. ఆయనకు బీమా సంస్థ పరిహారం ఇచ్చేసి ఉంటే హక్కు ఆ సంస్థకు వెళ్తుంది.

ఇలా చూస్తే కొన్నవారికి అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. అయితే ఇదే చట్టం రెండోవైపు కొన్నవారి పక్షాన నిలబడుతుంది. అమెరికాలో లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ అనుసరించే ఏకరూప వాణిజ్య నియమావళిలో 2-312 అనే సెక్షన్ ఉంది. 'ఈ వస్తువు నాదే, అమ్మే హక్కు నాకుంది' అని అమ్మేవాడు నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే లెక్క అంటుందది. ఆ మాట తప్పయితే బాధ్యత అమ్మినవాడిదే. 'దొంగ సొత్తని నాకూ తెలీదు' అన్నా చెల్లదు. తెలియకపోతే అతను నేరస్థుడు కాకపోవచ్చు... డబ్బు మాత్రం తిరిగివ్వాలి. ఆ తర్వాత అతను తనకు అమ్మినవాణ్ని అడగొచ్చు. అలా గొలుసులో ఒక్కొక్కరూ వెనకవాణ్ని పట్టుకుంటూ పోతే చివరికి దొంగ దగ్గర ఆగుతుంది. దావా వేయడానికి సాధారణంగా సరుకు చేతికందిన రోజు నుంచి నాలుగేళ్ల గడువుంటుంది.

ఈ విషయంలో న్యాయశాస్త్ర విద్యార్థులంతా చదివే కేసు ఒకటి ఇంగ్లండ్‌లో జరిగింది. రోలండ్ అనే కార్ల వ్యాపారి డివాల్ అనే ఆయన దగ్గర 334 పౌండ్లకు కారు కొన్నాడు. దాన్ని 400 పౌండ్లకు మరొకరికి అమ్మాడు. కొన్ని నెలలకు పోలీసులొచ్చి, అది దొంగిలించిన కారని పట్టుకుపోయారు. రోలండ్ తన దగ్గర కొన్నాయనకు డబ్బు వాపసిచ్చి, డివాల్‌ మీద దావా వేశాడు. 'ఇన్నాళ్లూ కారు వాడుకున్నారుగా, ఆ మేరకు తగ్గించాలి' అన్నది డివాల్ వాదన. 1923లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. కొనేవాడు డబ్బిచ్చేది వస్తువు సొంతమవడానికి. అదే జరగనప్పుడు ఎన్నాళ్లు వాడుకుంటేనేం? 334 పౌండ్లూ కట్టాల్సిందేనంది.

రాబట్టుకోవడం ఎలా?

హక్కుంది సరే... డబ్బు చేతికి రావాలంటే మొదట కావాల్సింది కాగితం. తుపాకీని స్వాధీనం చేసుకున్నట్టు పోలీసుల నుంచి రసీదు, కేసు నంబరు తీసుకోవాలి. వాటి నకళ్లు జతచేసి, ఫలానా తేదీలోగా డబ్బు వాపసివ్వమని అమ్మినవాడికి ఉత్తరం రాయాలి. ప్రకటన వచ్చిన వెబ్‌సైట్‌కూ ఫిర్యాదు చేయాలి. క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకుకు చెప్పి ఆ చెల్లింపును సవాలు చేయొచ్చు. దీనికి గడువు తక్కువ. ఆలస్యం పనికిరాదు.

ఇవేవీ ఫలించకపోతే చిన్న మొత్తాల కోర్టులున్నాయి. లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. టెక్సస్‌లో 20 వేల డాలర్ల దాకా, కాలిఫోర్నియాలో వ్యక్తులు 12,500 డాలర్ల దాకా వీటిలో దావా వేయొచ్చు. 500 డాలర్ల కేసుకు ఇవి చాలు.

కానీ దావా వేయాలంటే ప్రతివాది పేరు, చిరునామా రాయాలి. జాన్ దగ్గర లేనిది అదే! చట్టం మొత్తం అతని పక్షానే ఉంది. ఎవరి మీద ప్రయోగించాలో తెలీదు.

తేలు కుట్టిన దొంగలా...

ఇలాంటప్పుడే మనిషి బుద్ధి పెడదారి పడుతుంది. కొన్నది దొంగ సరుకని పోలీసుల కంటే ముందు తనకే తెలిసిందనుకోండి. చెబితే వస్తువు పోతుంది, డబ్బు ఎలాగూ రాదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, గుట్టుగా మరొకరికి అంటగడితే పోలా? అనిపిస్తుంది.

నిన్నటిదాకా మోసపోయినవాడు నేరస్థుడయ్యేది ఆ ఒక్క అడుగుతోనే. దొంగ తుపాకీ అని తెలిసిగానీ, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండిగానీ దాన్ని కొనడం, దగ్గరుంచుకోవడం, అమ్మడం... అన్నీ అమెరికా చట్టం ప్రకారం నేరాలే. పదేళ్ల దాకా జైలు పడొచ్చు. నంబరు గీకేసిన తుపాకీ దగ్గరుంటే అది మరో నేరం. కాబట్టి అనుమానం రాగానే లాయరును సంప్రదించి పోలీసులకు చెప్పడమొక్కటే దారి. తుపాకీ పట్టుకుని నేరుగా స్టేషన్‌కు వెళ్లడం మాత్రం ప్రమాదం. ముందుగా ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయాలి.

అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఇది మరీ గుర్తుంచుకోవాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాలున్నవారు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులుంటే తప్ప తుపాకీ కొనడమే కుదరదు. గ్రీన్‌కార్డున్నవారు కొనొచ్చు. కానీ తుపాకీ నేరం రుజువైతే వారిని సైతం దేశం నుంచి పంపేయడానికి వలస చట్టం వీలిస్తోంది. 200 డాలర్లు ఆదా అవుతాయని చూసుకుంటే ఏళ్లపాటు కట్టుకున్న బతుకే చెదిరిపోవచ్చు.

ఇక్కడ సెల్‌ఫోన్

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ కొనలేరు. అందుకని ఈ బెడద మనకు లేదనుకోవద్దు. తుపాకీ ఉన్నచోట సెల్‌ఫోన్ పెట్టి చూడండి. 'అర్జంటుగా డబ్బు కావాలి, సగం ధరకే ఇస్తా' అంటూ వచ్చే ప్రకటనలు ఎన్ని లేవు! ఇక్కడా సూత్రం అదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం దొంగ నుంచి కొన్నవారికి హక్కు రాదు. 14వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు డబ్బు వాపసివ్వాలి. దొంగ సొత్తని తెలిసీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మనం నయం. ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు సందేశం పంపితే ఫోన్ పరిస్థితి తెలుస్తుంది. పోయిన ఫోన్లను అడ్డుకునే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ విధానం 2023 మే నుంచి దేశమంతటా అమల్లోకొచ్చింది. జాన్‌కు దొరకని సౌకర్యం ఇది. డబ్బిచ్చే ముందు ఓ నిమిషం కేటాయిస్తే చాలు. దుకాణంలో కొని మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

తుపాకీ అయినా, ఫోన్ అయినా, బైకు అయినా... పాత వస్తువు కొనేటప్పుడు ఓ తెల్లకాగితం తీసుకోండి. అమ్మేవారి పేరు, చిరునామా, వస్తువు నంబరు, ధర, తేదీ రాయించి సంతకం పెట్టించుకోండి. గుర్తింపు కార్డు చూసి సరిపోల్చుకోండి. నగదు కాకుండా బ్యాంకు ద్వారా చెల్లించండి. నిజంగా తనదే అయినవాడికి ఇందులో అభ్యంతరం ఉండదు. 'అవన్నీ ఎందుకండీ, నమ్మకం లేదా?' అన్నాడంటే బేరం అక్కడితో ఆపేయాలి.

ఆ సాయంత్రం పార్కింగ్ స్థలంలో జాన్ ఈ పని చేసి ఉంటే రెండిట్లో ఏదో ఒకటి జరిగేది. చిన్న కోర్టులో చూపించడానికి చేతిలో ఓ కాగితం మిగిలేది. లేదంటే అవతలివాడు సంతకం పెట్టనని వెళ్లిపోయేవాడు... 500 డాలర్లు జేబులోనే ఉండేవి.