ఆయన మనకేమవుతాడు?

మా అమ్మ అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. మిరపకాయల కోతకి పోయి అమ్మ దాచుకున్న కూలి డబ్బుల్లోంచి పన్నెండు రూపాయలు తీసి హీరోగారి కటౌట్‌కి దండ వేయించాను. దొరికిపోయాను. అమ్మ కొట్టలేదు. చేతిలో చీపురు కింద పడేసి, "ఆయన మనకేమవుతాడురా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ హీరో పేరు ఇక్కడ రాయను. ఎవరి పేరు పెట్టినా ఈ కథ మారదు.

మా మాలపల్లె కుర్రాళ్ళు ఆయన్ని ఊరికే ప్రేమించలేదు. ఊళ్ళో చెప్పులేసుకుని నడిస్తే తప్పు. టీ కొట్లో మా గ్లాసు వేరు. మా అయ్య యాభై ఏళ్ళొచ్చినా కామందు ముందు చేతులు కట్టుకునే నిలబడేవాడు. ఒక్క టూరింగ్ టాకీసులోనే టిక్కెట్టు కొన్నవాడికి చోటుండేది. నేల టిక్కెట్టయితేనేం, దీపాలారిపేస్తే ఎవడి మొహం ఎవడికీ కనపడదు. తెర మీద మాసిన చొక్కావాడు జమీందారు కాలర్ పట్టుకుని లాగి కొట్టేవాడు. మా అయ్య బతుకులో కొట్టలేని దెబ్బ అది. మా తరఫున కొట్టాడనుకున్నాం. ఈలలేశాం, కాయితాలు చించి ఎగరేశాం, హారతులిచ్చాం.

చివరి రీలు సంగతి మాత్రం పట్టించుకోలేదు. ఆ మాసిన చొక్కావాడు చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కొడుకేనని తేలేది. అందుకే వాడికి కొట్టే హక్కొచ్చింది! ఆ ముక్క అర్థమవటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మద్రాసుకి ఉత్తరం రాశాను. మా పల్లె గురించీ, మా అయ్య గురించీ నాలుగు పేజీలు. నెల తర్వాత హీరోగారి ఫోటో వచ్చింది, కింద సంతకం. పల్లె పల్లెంతా చూపించాను. పెదనాన్న కొడుకు అన్న తన ఫోటో తెచ్చి పక్కన పెట్టాడు. రెండు సంతకాలూ ఒక్కటే, వంకర కూడా తేడా లేదు. అచ్చు సంతకం. అయినా మేం ప్రేమించటం మానలేదు. అన్న గుండె మీద ఆయన పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.

పట్నంలో అభిమాన సంఘం ఉండేది. అధ్యక్షుడు హీరోగారి కులమే, కార్యదర్శీ ఆ కులమే. మేం సభ్యులం. మైదాపిండి ఉడకబెట్టి పోస్టర్లు అంటించేది మేం. సర్వే కర్రలెక్కి కటౌట్లు కట్టేది మేం. వంద రోజుల పండక్కి ఆయనొస్తే స్టేజీ మీద వాళ్ళు. కింద తాళ్ళు పట్టుకుని జనాన్ని ఆపుతూ మేం.

ఒక సంక్రాంతికి కొత్త సినిమా వచ్చింది. పోస్టరు రిక్షాలో పెట్టి డప్పులతో ఊరేగించాం. ఏటా పల్లెలోనే తిప్పేవాళ్ళం. ఆ ఏడు అన్న, "మనకీ హీరోనే, వాళ్ళకీ హీరోనే. ఊళ్ళోంచి పోదాం పదండి" అన్నాడు. రామాలయం మలుపులో ఆపేశారు. ఆపినోళ్ళు పరాయోళ్ళు కారు, మాతో పాటు టాకీసులో ఈలలేసేవాళ్ళే. "మా హీరోని మీరు ఊరేగించేదేందిరా?" అన్నారు. కర్రలు లేచినయ్. అన్న ముందు పళ్ళు రెండు ఊడినయ్, కుడి చెయ్యి విరిగింది. కొట్టినవాడి మోచేతి మీద కూడా అదే పేరు పచ్చబొట్టు!

ఆ రాత్రి మళ్ళీ మద్రాసుకి ఉత్తరం రాశాను. జరిగిందంతా రాశాను. మీరు ఒక్క మాట చెబితే చాలన్నాను. నెల తర్వాత ఫోటో వచ్చింది. అదే ఫోటో, అదే సంతకం.

అమ్మ ప్రశ్నకి నా మొదటి జవాబు ఆ ఫోటో.

మిగతా జవాబులు చరిత్ర చెప్పింది. 1982 మార్చిలో ఎన్టీ రామారావు పార్టీ పెట్టారు. 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. తెర మీది దేవుడు దిగొచ్చాడని మన పల్లెలు కూడా మురిశాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. అది ఆ ముఖ్యమంత్రి వియ్యంకుల ఊరు. తాగే నీళ్ళ దగ్గర ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు తిరిగినందుకు మొదలైన గొడవ అది. మన వాళ్ళు చీరాల వచ్చి తలదాచుకున్నారు. అక్కణ్ణుంచి దళిత మహాసభ పుట్టింది. మనల్ని నిలబెట్టింది ఆ శిబిరమే.

ఇక చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. గొడవకి మొదలు ఎక్కడో గుర్తుందా? సినిమా హాల్లో! చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటులో రెడ్ల కుర్రాడికి తగిలింది. చీకట్లో ఎవడి మొహం ఎవడికీ కనపడదనుకున్న నేను ఎంత పిచ్చివాణ్ణి! చీకట్లో కూడా మన కాలికి కులం ఉంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వీటి మీద తెర మీది ఏ వీరుడు రోడ్డెక్కాడు? ఏ అభిమాన సంఘం బంద్ పిలిచింది?

తర్వాత మాసిన చొక్కా కూడా పోయింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'చెన్నకేశవరెడ్డి'. కులం పేరే సినిమా పేరైంది. కామందే హీరో. ఆయన తొడ కొడితే మన పిల్లలు ఈల కొట్టారు. ఆ తొడ ఎవరి మీద కొట్టిందో ఆలోచించారా తమ్ముళ్ళూ?

ఇప్పుడు ఉత్తరాల్లేవు, సెల్‌ఫోన్లున్నాయి. హీరో పొద్దున్నే మీ పేరు పెట్టి పలకరించినట్టే ఉంటుంది. అదీ అచ్చు సంతకమే. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర హీరో పుట్టినరోజుకి బ్యానరు కడుతూ ముగ్గురు కుర్రాళ్ళు కరెంటు షాక్‌తో పోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది. ఏ కులపోళ్ళని నేను అడగను. కర్రలెక్కేదీ, కాళ్ళ కింద పడేదీ ఎప్పుడూ కిందివాళ్ళే.

"మరి అంబేద్కర్ విగ్రహానికి దండలేస్తాం కదన్నా, అది అభిమానం కాదా?" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. మంచి ప్రశ్న. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబే హెచ్చరించాడు, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందని. తన మీద భక్తికి కూడా వర్తించే మాట అది. దండేసి ఇంటికెళ్తే ఆయన్నీ కటౌట్ చేసినట్టే. కానీ ఒక తేడా ఉంది. మనం ఉత్తరం రాయకముందే ఆయన మనకి జవాబు రాసిపెట్టాడు, సంపుటాలు సంపుటాలు. చదవండి. తప్పనిపిస్తే వాదించండి.

సినిమాలు చూడొద్దని చెప్పను. నేనూ చూస్తాను. పాటొస్తే కాలు ఆడిస్తాను. మీ రక్తం, మీ అమ్మ కూలీ మాత్రం అక్కడ పొయ్యకండి.

అన్న జీడిరసం పెట్టి ఆ పచ్చబొట్టు కాల్చుకున్నాడు. పేరు పూర్తిగా పోలేదు. పుండు పడి మానింది, మచ్చ మిగిలింది. విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు. కారంచేడు తర్వాత చీరాల శిబిరానికి పల్లె నుంచి బియ్యం మూట మోసుకెళ్ళింది అన్నే, ఎడమ భుజం మీద. నేను వెనకాల నడిచాను. అమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఆ రోజు మాత్రం వాళ్ళు మనకేమవుతారని అడగలేదు.