ఉద్యోగం మారింది, కెమెరా అలాగే ఉంది

"ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అని సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెబితే, మొదట వచ్చే ప్రశ్న "ఎందుకు?" కాదు, "అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా?" అని. రెండోది, "సంబంధాలవాళ్లకి ఏం చెప్పాలిరా?" అని. మూడోది చుట్టాలు వేస్తారు. "ఫొటోలు బాగా తీస్తావుగా, స్టూడియో పెడుతున్నావా?" మొదటి రెండిటికీ జవాబు చెప్పడం తేలికే. నన్ను ఏడాది పాటు ఆలోచనలో పెట్టింది ఆ మూడోదే.

మాది ముక్తేశ్వరం. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే వచ్చేది మా ఊరే. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. 2020 లాక్‌డౌన్‌లో చాలామందిలాగే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. పగలు ఆఫీసు పని, పొద్దున్నే కెమెరా. మంచులో పంటు, కార్తీకంలో రేవులో దీపాలు, కొబ్బరి దింపు తీసేవాళ్లు, ఐనవిల్లి వినాయకుడి గుడికి నడిచివెళ్లే జనం... ఇవీ నా ఫొటోలు. చూసినవాళ్లందరూ ఒకటే మాట: "ఇంత బాగా తీస్తూ ఇంకా ఆ కంప్యూటర్ ఎందుకు బాబూ?"

సరే చూద్దామని రెండు సీజన్లు శని, ఆదివారాల్లో పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. డబ్బులు బాగానే వచ్చాయి. కానీ ఫొటో తీయడం ఆ పనిలో పదో వంతే అని తెలిసింది. నాలుగు వేల ఫొటోల్లోంచి నాలుగు వందలు ఏరాలి. ఆల్బమ్ కూర్చాలి. తలంబ్రాలప్పుడు పెదనాన్నగారు ఒక్క ఫొటోలోనూ పడలేదంటే సర్దిచెప్పాలి. మిగిలిన సొమ్ము కోసం నాలుగుసార్లు ఫోన్ చెయ్యాలి. ఇది తక్కువ పనేమీ కాదు. ఇష్టంగా చేసేవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. నా సంగతి చెప్పాలంటే, ఆ రెండు సీజన్లలో నాకోసం నేను ఒక్క ఫొటో తీసుకోలేదు. ఖాళీ ఆదివారం దొరికినా కెమెరా సంచిలోంచి బయటికి రాలేదు.

అదే రోజుల్లో సాయంత్రాలు మా వీధిలో డిప్లొమా చదివే పిల్లలు నలుగురు ప్రోగ్రామింగ్ నేర్పమని వచ్చేవాళ్లు. పైథాన్‌లో లైను చివర కోలన్ పెట్టడం మర్చిపోతారు. పదిసార్లు చెప్పినా మళ్లీ మర్చిపోతారు. చిత్రంగా, నాకు పదకొండోసారి కూడా విసుగు రాలేదు. అప్పుడే ఒక సంగతి అర్థమైంది. ఏ పనిలోనైనా తీపి భాగం అందరికీ నచ్చుతుంది. దాన్ని బట్టి బతుకుతెరువు ఎంచుకోకూడదు. ఏ పనిలో ఉన్న చాకిరీని మనం విసుక్కోకుండా మొయ్యగలమో, వృత్తిగా మనకి సరిపడేది అది.

పెద్దవాళ్ల దారులు చూసినా ఇదే కనిపిస్తుంది. శేఖర్ కమ్ముల అమెరికాలో ఐటీ ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వచ్చారని మనం ఒక్క ముక్కలో చెప్పేసుకుంటాం. మధ్యలో ఆయన హోవార్డ్ యూనివర్సిటీలో సినిమా చదువు చదివారన్నది మర్చిపోతాం. ఆ తర్వాతే 2000లో 'డాలర్ డ్రీమ్స్', దానికి తొలిచిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు, 2006లో మన 'గోదావరి'. మా కోనసీమలోని రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. బ్యాంకు ఉద్యోగం చేస్తూనే వారపత్రికల పాఠకులని సంపాదించుకుని, ఆ తర్వాతే పూర్తికాలం రచయిత అయ్యారు. ఇద్దరిలో ఎవరూ ఒక్క గెంతులో అవతలి ఒడ్డు చేరలేదు.

మూడో దారి కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటులో ఉండి, అది లేనివాళ్లకి పిచ్చిగీతల్లా కనిపించే కాలంలో, వాటిని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' తయారు చేసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు వచ్చే 'లేఖిని'ని వీవెన్ అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇవి జీతం కోసం చేసిన పనులు కావు. వీటికి ధర కట్టి ఉంటే, నాలాంటివాళ్లు ఎంతమంది తెలుగులో టైపు చేసేవాళ్లో!

ఇక అసలు పరీక్ష ఇంట్లో జరిగింది. జిల్లాలోనే ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా రమ్మన్నారని నాన్నకి చెప్పాను.

"ఎంత తగ్గుతుంది?"

"సగానికి పైనే, నాన్నా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "తోటకి తెల్లదోమ పట్టినప్పుడు, కాయ ధర పడిపోయినప్పుడు నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. నీ జీతం ఉందన్న ధైర్యంరా అది. నువ్వు ఒక్కడివే ఉద్యోగం మానట్లేదు, మా అందరిచేతా మాన్పిస్తున్నావు" అన్నారు.

దానికి ఆశయాలు చెప్పి ప్రయోజనం లేదు. కాగితం మీద లెక్క వేశాం. ఇంటి లోను మొత్తం తీర్చాలి. ఏడాది ఇంటిఖర్చు బ్యాంకులో విడిగా ఉంచాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, అమ్మానాన్నలకి సొంత పాలసీ ముందే తీసుకోవాలి. అప్పటికే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది గనక, ఇది రాజీనామా ఇచ్చాక ఆలోచించే సంగతి కాదు. ఈ మూడూ పూర్తవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ అదే టెస్టింగ్ ఉద్యోగం, ఇదివరకటికన్నా శ్రద్ధగా చేశాను. చివరి పని పూర్తయ్యాక నాన్నే "లెటర్ పెట్టేయ్" అన్నారు. ఒప్పుకున్నారే గాని, సంతోషపడ్డారని చెప్పలేను. పాఠాలు మొదలుపెట్టి ఇప్పటికి ఒక సెమిస్టరే అయింది. ఆయన అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పాలంటే ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

పెళ్లి ఫొటోలు మాత్రం మానేశాను. రేవు ఫొటోలు, పంటు ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెడుతున్నాను. తీసినవాడి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. రూపాయి రాదు. కెమెరా మాత్రం ఇప్పుడు సంచిలో ఉండట్లేదు.

ఉద్యోగం మారాలనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పగలిగేది ఇంతే. "నాకు ఏది ఇష్టం?" అని అడుక్కోవద్దు, దానికి రోజుకో జవాబు వస్తుంది. "పదకొండోసారి చేసినా నాకు విసుగు రానిది ఏది?" అని అడగండి. కొత్త పనిని జీతం వస్తుండగానే ఆరు నెలలైనా చేసి చూడండి. ఇంట్లోవాళ్ల భయాన్ని చాదస్తం అనుకోకుండా, దాన్ని అంకెల్లో రాయండి. ఇక మీకున్న అభిరుచుల్లో ఒక్కదానికైనా ధర కట్టకండి. ఏ ఉద్యోగమైనా మనల్ని అలసిపోయేలా చేస్తుంది, కొత్తదైనా అంతే. ఆ రోజున సేదతీరడానికి మనదంటూ ఒకటి మిగిలి ఉండాలి కదా.