యానాం బస్సులకు లీటరుకో రూపాయి



బస్సులకు ప్రభుత్వము పెట్టే సొమ్ము దండుగ అనేవారు మా ఊళ్ళో ఉన్నారు. ఎంత పెట్టినా చాలదనేవారూ ఉన్నారు. ఇరువురిలో ఎవరూ లెక్క వేసి మాట్లాడినట్లు కనబడదు. గుమాస్తా పనిలో అలవాటైన కూడికలు నేను వేసి చూచాను.

యానాం నుంచి కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు. డీజిలు బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు నడుస్తుందనుకొంటే పోవడానికి 6 లీటర్లు. 50 మంది ఎక్కితే తలకు 120 మిల్లీలీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చే మోటారు సైకిలుపై ఒక్కడే పోతే 600, ఇద్దరు పోతే తలకు 300. కారులో ఒంటరిగా పోయే పెద్దమనిషి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా కాలుస్తాడు. అయితే అదే బస్సులో పదిమందే ఉంటే తలకు 600 పడుతుంది; అంటే ఒంటరి మోటారు సైకిలుతో సమానము. కనుక బస్సు నిండితేనే గాలికి మేలు. వేళకు వస్తుందన్న నమ్మకము లేని బస్సు నిండదు. కొత్త బస్సులకు రంగులు వేసి జెండా ఊపడముకన్న, ఉన్న బస్సు పొద్దుపోయాక కూడ తప్పక తిరిగేటట్లు చూడడము మేలు.

ఇందుకు సొమ్మెక్కడిది? కేంద్రము 2023 ఆగస్టులో 10,000 విద్యుత్ బస్సుల పథకమును ఆమోదించినది. అది ముఖ్యముగా మూడు లక్షలు, అంతకు పైబడిన జనాభా గల నగరములకు. 2011 జనాభా లెక్కలలో మా యానాం 55,626. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణము ఉచితమైనది గాని, అది ఆ రాష్ట్రవాసులకే. పక్కనున్న తాళ్ళరేవు ఆడపడుచు ఊరక పోతుంది, పుదుచ్చేరి చిరునామా గల మా ఆడపడుచు టిక్కెట్టు కొనవలెను. తప్పు పట్టను, ఎవరి ఖజానా వారిది.

మా ఖజానా పెట్రోలు బంకుల వద్ద ఉన్నది. పుదుచ్చేరి ప్రభుత్వము యానాంకు వేరుగా పన్ను రేటు నిర్ణయిస్తుంది. అది తక్కువ కాబట్టి ఇక్కడ పెట్రోలు కాకినాడకన్న లీటరుకు పది రూపాయలకు పైగా చౌక. పొరుగూళ్ళ బండ్లన్నీ ఇక్కడికే వస్తాయి. వదులుకొన్న పన్ను కూడ ప్రభుత్వ వ్యయమే, కాని ఏ బడ్జెటు పద్దులోనూ ఆ మాట ఉండదు. బండి గలవారికి అందే ఈ సహాయమును దండుగ అన్నవారిని నేనింతవరకు చూడలేదు. బస్సు నష్టమును మాత్రము అందరూ అంటారు.

లీటరుకు ఒక్క రూపాయి పెంచి, ఆ సొమ్ము యానాం బస్సులకే విడిగా జమకట్టవలెను. పుదుచ్చేరి సంస్థ గాని, ఆంధ్ర ఆర్టీసీ గాని, ఏది నడిపితే దానికి, ప్రకటించిన వేళలకు తిరిగిన కిలోమీటర్లను బట్టి చెల్లించవలెను. నెలనెలా ఎందరెక్కినారు, ఎంత డీజిలు కాలినది, పరిపాలనాధికారి కార్యాలయపు బోర్డుపై వ్రాసి పెట్టవలెను. బంకులవారికి ఇది రుచించకపోవచ్చును. అయినా పది రూపాయల తేడా ఉండగా రూపాయి కోసము వచ్చిన బండి వెనుదిరగదు.

2002లో ఎదురులంక వంతెన రాకముందు గౌతమి దాటడానికి పంటు కోసము కాచుకొన్న కుటుంబములు మావి. ఇప్పుడు ఆ వంతెన మీద ఎవరి బండి వారిదే. కోరింగ మడ అడవుల ప్రక్కనే ఈ పొగంతా.

శాసనసభ 800 కిలోమీటర్లకు పైగా దూరములో ఉన్నది. వచ్చే బడ్జెటు సమావేశములో మా సభ్యులు ఈ ఒక్క పద్దు అడగవలెనని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, యానాం