పరీక్ష వాయిదా పడితే ఒళ్లు తట్టుకుంటుందా?

అశోక్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో హాస్టల్‌లో చేరిన కొత్తలో పక్క బెడ్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ ఊరు?’ అని. రెండోది ‘రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నావ్?’ అని. ఒకరు పద్నాలుగంటే ఇంకొకరు పదహారంటారు. ఏడు గంటలు పడుకుంటానని చెప్పాలంటే అక్కడ కాస్త ధైర్యం కావాలి. నిద్ర మానుకుంటేనే సీరియస్‌గా చదువుతున్నట్టు లెక్క. ఈ లెక్కే తప్పు.

తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ‘ఆరు నెలలేగా, ఒళ్లు హూనమైనా చదివేద్దాం’ అని 2022 వేసవిలో కూర్చున్నవాళ్లకు ఆ ఆరు నెలలు కాస్తా రెండున్నరేళ్లయ్యాయి. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు. అందుకే మీ టైంటేబుల్ రెండేళ్లయినా నడిచేలా ఉండాలి. నాలుగు గంటల నిద్రతో అది రెండు నెలలు కూడా నడవదు.

పోనీ, మేలుకున్న ఆ గంటల్లో చదువు ఎక్కుతుందా? ఉదయం 6కు లేచినవాళ్లకు రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు గడిచిపోతాయి. అప్పటికి మెదడు చురుకుదనం, స్పందించే వేగం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 దాటితే చాలు, డ్రంకెన్ డ్రైవ్ కేసే! బండి నడపడానికి పనికిరాని బుర్రతో అర్ధరాత్రి పాలిటీ ఆర్టికల్స్ బట్టీ పడుతున్నామన్నమాట. పైగా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి 10కి తాగిన స్ట్రాంగ్ టీలోని కెఫిన్ తెల్లవారుజామున 3కి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. పడుకున్నా నిద్ర పట్టట్లేదంటే కారణం అదీ కావచ్చు.

ఈ విషయంలో కానిస్టేబుల్ అభ్యర్థులే నయం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. అందుకే తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉంటారు. ఒళ్లు వాళ్ల సిలబస్‌లో ఉంది. గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ వాళ్ల సిలబస్‌లో లేదు, అంతే తేడా.

అమ్మాయిలకు ఒక మాట. రీడింగ్ రూముల్లో టాయిలెట్ల పరిస్థితి చూసి చాలామంది నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు అక్కడే మొదలవుతాయి. రూము ఎంచుకునేటప్పుడు ఫ్యాన్, వైఫైతో పాటు టాయిలెట్ కూడా చూడండి. ఇంకోటి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ‘కూర్చుంటే నీరసం, చదివింది ఎక్కట్లేదు’ అని మోటివేషన్ వీడియోలు వెతుక్కునే ముందు ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రికెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకోండి.

‘హాస్టల్ ఫీజుకు నాన్న అప్పు చేశాడు, ఏజ్ లిమిట్ దగ్గరపడుతోంది, రాత్రి డెలివరీలు చేసి పగలు క్లాసుకెళ్తున్నా. నాకు నిద్ర గురించి చెప్తారా?’ అని మీకు కోపం రావచ్చు. రాత్రంతా బండి మీద తిరిగేవాళ్లకు నేను చెప్పగలిగేది నిజంగానే తక్కువ. పగటి నిద్రనైనా ముక్కలు కానివ్వకండి అనడం తప్ప. మిగతావాళ్లు మాత్రం నిద్రలో కోత పెట్టే ముందు టెలిగ్రామ్ గ్రూపుల్లో, టీ కొట్టు దగ్గర కటాఫ్ చర్చల్లో పోయే గంటలు లెక్కేసుకోండి. పరీక్ష వాయిదా అంటూ ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ నిజమా కాదా తేల్చడానికే ఒక పూట పోతుంది!

ఉద్యోగం వచ్చాక అన్నీ సర్దుకుంటాయనుకుంటే అదీ లేదు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి తీసుకెళ్లారు, ఆదివారాలతో కలిపి. ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి 48 గంటలే అని 1948లోనే చట్టం చేసుకున్న దేశం మనది. వారానికి 55 గంటలు దాటి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. కంపెనీని నిలబెట్టినవాళ్లు తమ కోసం పెట్టుకున్న గంటలను పాతికవేల జీతగాడికి కొలతగా చూపడం న్యాయం కాదు.

ఫ్రెషర్‌కు బేరమాడే బలం తక్కువే. అయినా అడగొచ్చు. ఇంటర్వ్యూలో భయమేస్తే ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. షిఫ్టు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, ఎన్ని వారాలకోసారి మారుతుంది, నైట్ షిఫ్టుకు క్యాబ్ ఉందా, వీకాఫ్ రోజు పిలిస్తే బదులు సెలవిస్తారా, హెల్త్ ఇన్సూరెన్స్ మొదటి రోజు నుంచేనా అని. జవాబు ఫోన్లో చెప్తామంటే, మెయిల్‌లోనే ఇవ్వమని మర్యాదగా అడగండి.